మిగిలిన బద్ధకం నా సొంతం

మా ఇంట్లో నన్ను బద్ధకస్తుడని అనని మనిషి లేదు. అత్తగారు బతికున్నన్నాళ్లూ ఆవిడ అనేది. ఆవిడ పోయాక ఆ బాధ్యత కూతురు, అంటే మా ఆవిడ, తన మీద వేసుకుంది. ఇల్లరికపు అల్లుడికి ఈ బిరుదు లోకమంతా ఇచ్చేదే కదా అని నేనూ పట్టించుకోలేదు. పైగా మాది భావనపాడు. చీకటుండగానే పడవలు నీళ్లలోకి దింపే ఊరు. అలాంటి ఊళ్లో ఎండెక్కాక పోస్టాఫీసు తలుపు తీసి, వచ్చిన నాలుగు ఉత్తరాల మీద ముద్రలు కొట్టి, మళ్లీ ఎండ తగ్గేదాకా కుర్చీలో కూర్చునేవాణ్ణి నేనొక్కణ్ణే. పదవీ విరమణ పేరుతో డిపార్ట్‌మెంటు ఆ కుర్చీకీ నాకూ రుణం తీర్చేసింది. ఇంట్లో పడక్కుర్చీ ఉన్న సంగతి వాళ్లకి తెలీదు.

అలాంటి నాకు ఒక మంచి రోజున లేబొరేటరీ వాళ్లు కాగితం ఇచ్చారు. హిమోగ్లోబిన్ 8.1. మగవాడికి 13 ఉండాలట. నాకు ఐదు గ్రాముల దాకా లోటు. మనిషన్నవాడు ఈ లోటు తెలిస్తే కంగారు పడాలి. నేను మాత్రం ఆ కాగితం మడతపెట్టి జేబులో పెట్టుకుని రాజాలా ఇంటికొచ్చాను. ముప్పై ఏళ్లుగా నా మీద నడుస్తున్న కేసులో ఇంతకంటే గట్టి సాక్ష్యం ఏముంటుంది?

"చూశావా? బద్ధకం కాదు. రక్తం లేదు," అన్నాను మా ఆవిడతో. అక్కడితో ఆగలేదు. బావమరిది ఇంటికెళ్లి చూపించాను, కిరాణా కొట్టు దగ్గర చూపించాను, వలలు అల్లుకుంటున్న వాళ్ల దగ్గర కూడా చదివి వినిపించాను. సాయంత్రం ఇల్లు చేరేసరికి మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏటండీ, ఒంట్లో రక్తం నేదని సెప్పడానికి ఊరంతా తిరిగొచ్చీసినారు. అలుపు రానేదేటి?"

వచ్చింది. చెప్పుకోలేదు.

అసలు సంగతి కొంచెం వెనక నుంచి చెప్పాలి. నేను పుట్టింది వజ్రపుకొత్తూరు మండలంలో. ఉద్దానమంటే కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు అని జనం వేళ్ల మీద లెక్కపెడతారు. కిడ్నీల మాట వస్తే దేశదేశాల డాక్టర్లు చెప్పుకునేది ఈ ఏడు మండలాలనే. మా అత్తవారి సంతబొమ్మాళి మండలం ఆ లెక్కలోకి రాదు. అంచేత నా కిడ్నీ జబ్బుని భావనపాడు ఎన్నడూ తనదిగా ఒప్పుకోలేదు. ఇల్లరికం వచ్చినవాడు వట్టి చేతులతో వచ్చాడని పెళ్లైన కొత్తలో ఎత్తిపొడిచేవారు. వట్టి చేతులతో రాలేదని, పుట్టింటి సారె నడుము వెనక దాచుకుని తెచ్చానని ఇన్నాళ్లకి తేలింది.

ఉద్దానం కిడ్నీ సంగతి 1990ల నుంచీ నడుస్తూనే ఉంది. షుగరూ బీపీ లేని రైతులు, కూలీలు, జీడితోటల్లో పనిచేసేవాళ్లు కిడ్నీలు పాడై విశాఖ కేజీహెచ్‌కి వరసకట్టడం చూసి, ఇదేదో వేరే రకమని డాక్టర్ రవిరాజు లాంటి నెఫ్రాలజిస్టులు అప్పట్లోనే అనుమానించారు. నీళ్లు, మట్టి, పురుగుమందులు, ఎండలో చెమటోడ్చే పని, నొప్పి బిళ్లలు, వంశం... అనుమానితుల జాబితా పెరుగుతోంది గానీ దోషి ఫలానా అని ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రీ, కిడ్నీ పరిశోధన కేంద్రమూ తెరిచారు. హిరమండలం నుంచి వంశధార నీళ్లు గొట్టాల్లో ఇవ్వడం మొదలుపెట్టారు. ఇవన్నీ జరిగాక మా వైపు మర్యాదలు కూడా మారాయి. పెళ్లిలో గానీ దినంలో గానీ ఇద్దరు ఎదురుపడితే, "బాగున్నావా" తర్వాత వచ్చే మాట "క్రియాటినిన్ ఎంత?" కిడ్నీ ఎలా ఉందో చెప్పే ఆ రక్తపరీక్షలో ఎవరి అంకె వాళ్లు ఠక్కున చెబుతారు.

హిమోగ్లోబిన్ ఎంత అని మాత్రం ఎవరూ అడగరు. ఆయాసం వయసు ఖాతాలోకి పోతుంది, నీరసం ఎండ ఖాతాలోకి పోతుంది, నాలాంటి వాడిదైతే స్వభావం ఖాతాలోకి పోతుంది. మా వీధిలో చేపల గంప ఎత్తుకుని తిరిగే ముసలమ్మ ఒకత్తె నన్ను చూసి ఎన్నడో అంది: "ఏటి పోస్టుబావూ, తెల్లగైపోనావు?" రంగు తేలానని మెచ్చుకుంటోంది కాబోలనుకుని ఆ రోజు నేను అద్దం ముందు కాసేపు ఎక్కువే నిలబడ్డాను.

కిడ్నీకీ రక్తానికీ చుట్టరికమేమిటని మీరడగొచ్చు. నేనూ అడిగాను. కిడ్నీ అంటే మూత్రం వడగట్టేది, రక్తం అంటే బీట్‌రూట్ తింటే పట్టేది అన్న జ్ఞానంతోనే నేనూ ఇంతవాణ్ణయ్యాను. డాక్టరు చెప్పింది నా ఉద్యోగ భాషలో చెబుతాను. ఎర్ర రక్తకణాలు తయారయ్యేది ఎముకల్లోని మూలుగలో. ఎన్ని తయారు చెయ్యాలో మూలుగకి తనంతట తెలీదు. రక్తంలో ప్రాణవాయువు తగ్గిందని పసిగట్టి "ఇంకొన్ని పంపండి" అని మూలుగకి ఉత్తరం రాసేది కిడ్నీ. ఆ ఉత్తరం పేరు ఎరిత్రోపోయెటిన్. కిడ్నీ దెబ్బతింటే అది రాసే కణాలు చేతులెత్తేస్తాయి. మూలుగ బాగానే ఉంటుంది, సరుకూ ఉంటుంది, ఉత్తరమే రాదు. పోనీ ఉన్న కణాలైనా నిలుస్తాయా? మామూలు మనిషిలో ఎర్రకణం 120 రోజుల దాకా బతుకుతుంది. కిడ్నీ జబ్బు ముదిరిన ఒంట్లో అంతకాలం బతకదు. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకి గొట్టాల్లో మిగిలిపోయే రక్తం, పరీక్షలకి తీసే రక్తం అదనపు ఖర్చు.

నేను చేసిన ఉద్యోగమంతా ఉత్తరాలు చేరవెయ్యడమే. చివరికి నా ఒంట్లోనే ఉత్తరం బట్వాడా కాలేదు. ఈ మాట మా ఆవిడతో అంటే ఆశ్చర్యపోలేదు. "అప్పుడు మాత్రం ఏ ఉత్తరం టయానికి అందిందని?" అంది.

ఈ ఎరిత్రోపోయెటిన్‌ని శాస్త్రజ్ఞులు పట్టుకున్న కథ నాకు చాలా ఇష్టం. అన్నం దగ్గర చెప్పొద్దని మా ఇంట్లో నిషేధించారు కాబట్టి మీకు చెబుతాను. షికాగోలో యూజీన్ గోల్డ్‌వాసర్ అనే ఆయన ఈ పదార్థం కోసం ఏళ్ల తరబడి వెతికాడు. జపాన్‌లో తకాజీ మియాకే అనే మరో శాస్త్రజ్ఞుడికి ఒక ఉపాయం తట్టింది. మూలుగ పూర్తిగా మూతపడిన రోగుల్లో, కిడ్నీ మాత్రం జవాబు రాని చోటికే కట్టలు కట్టలు ఉత్తరాలు పంపుతూ ఉంటుంది కదా, అవి మూత్రంలో దొరకాలి. ఆయన 2,550 లీటర్ల మూత్రం పోగుచేసి, ఎండబెట్టి, ఆ పొడి గుడ్డలో మూటగట్టి అమెరికా పట్టుకెళ్లాడు. అంతటి నుంచీ 1977లో శుద్ధిచేసి తీసింది ఎనిమిది మిల్లీగ్రాములు. ఆ పిసరంతతోనే దాని నిర్మాణంలో కొంత భాగం తెలుసుకున్నారు, 1983లో ఫూ-కువెన్ లిన్ దాని జన్యువుని వేరుచేశాడు, 1989లో అమెరికాలో మందుగా అనుమతి వచ్చింది. అంతకుముందు డయాలసిస్ రోగులకి నీరసమొస్తే ఎక్కువగా రక్తం ఎక్కించడమే దారి. ఇప్పుడు అది తప్పనిసరైతేనే ఎక్కిస్తారు. ముందుముందు కిడ్నీ మార్పిడి చేయించుకోవాలనుకునే వాళ్లకి పరాయి రక్తం ఎక్కితే, కొత్త కిడ్నీని తిప్పికొట్టే యాంటీబాడీలు తయారయ్యే ప్రమాదముంది.

ఇదంతా నాకు తెలిసేలోగా ఊరికి నా రక్తం మీద బాధ్యత పుట్టేసింది. కాగితం చదివి వినిపించాను కదా, ఫలితం మర్నాటి నుంచే. ఒకరు దానిమ్మ కాయలు, ఒకరు ఖర్జూరం, ఒకరు బీట్‌రూట్, మునగాకు, ఉద్దానం నుంచి మా అన్నయ్య గెలలకి గెలలు కొబ్బరి బొండాలు. 2018లో తిత్లీ తుఫాను పడగొట్టగా మిగిలిన చెట్ల కాయలవి, ప్రాణంతో సమానం. నేను పడక్కుర్చీలో కూర్చుని, ఎదురుగా ఆ రాశి చూసుకుని, పండక్కి వచ్చిన కొత్తల్లుడిలా మురిసిపోయాను. అప్పుడే మా ఆవిడ డాక్టరు రాసిచ్చిన చీటీ తీసి గట్టిగా చదవడం మొదలుపెట్టింది. దానిమ్మ వద్దు, ఖర్జూరం వద్దు, బీట్‌రూట్ వద్దు, ఆకుకూర ఉడికించి నీళ్లు పారబోస్తే కొంచెం, బొండాం నీళ్లు అసలే వద్దు. అన్నిట్లోనూ పొటాషియం. కిడ్నీ మంచిదైతే ఎక్కువైన పొటాషియాన్ని బయటికి పంపేస్తుంది. నా స్థితిలో అది ఒంట్లోనే పేరుకుని, మరీ పెరిగితే గుండె ఆగిపోవచ్చు. రక్తం పడుతుందని లోకం నమ్మే పళ్లూ కూరలూ ఏరి ఏరి నాకు పనికిరానివి అయ్యాయి.

ఆ సరుకంతా మా బావమరిది తిన్నాడు. "పారెయ్యడమెందుకు బావా" అంటూ పూటకి కొంత పట్టుకెళ్లి శ్రద్ధగా తిన్నాడు. ఆయన బుగ్గలు ఎర్రగా నిగనిగలాడుతుంటే ఆ రక్తం నా పేరు మీద వచ్చినదేనని నాకు కడుపుమంట.

తర్వాత ఇనుము బిళ్లలు వచ్చాయి. బిళ్ల వేసుకున్నాక టీ తాగితే ఇనుము సరిగా ఒంటపట్టదట. అంటే నా దినచర్యలో ఏకైక కార్యక్రమం కూడా రద్దయింది. బిళ్లకీ టీకీ మధ్య ఎంత ఎడం ఉండాలన్నదాని మీద మా ఇంట్లో జరిగిన వాదోపవాదాలు రాస్తే గ్రంథమవుతుంది. తీరా మళ్లీ పరీక్ష చేస్తే అంకె అక్కడే ఉంది. కిడ్నీ జబ్బులో ఒళ్లు లోలోపల ఎప్పుడూ కొంత మంటతో ఉంటుందట. అప్పుడు కాలేయం హెప్సిడిన్ అనే పదార్థాన్ని ఎక్కువగా వదులుతుంది. అది పేగులోంచి ఇనుము రానివ్వదు, నిలవున్న ఇనుమునీ కదలనివ్వదు. అందుకే ఫెరిటిన్, ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ అని రెండు పరీక్షలు చేస్తారు, నిలవెంత ఉంది, వాడకానికి ఎంత దొరుకుతోంది అని చూడ్డానికి. చాలకపోతే ఇనుమునే నరంలోకి ఎక్కిస్తారు. నాకూ ఎక్కించారు. ఫోలిక్ యాసిడ్, బి12 కూడా చూసుకోమన్నారు. ఫోలిక్ యాసిడ్‌ని 1945లో లెడర్లే ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. నేను మింగే గుప్పెడు బిళ్లల్లో తెలుగు మాట్లాడేది అదొక్కటే అని దానికి కాస్త మర్యాద ఇస్తాను.

అప్పుడొచ్చింది అసలు ఉత్తరం, ఇంజెక్షన్ రూపంలో. దాన్ని ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. గడ్డకట్టకూడదు, గట్టిగా కుదపకూడదు. టెక్కలిలో కొని భావనపాడు తేవాలంటే ఐసు పెట్టె కావాలి. ఐసుకీ థర్మోకోల్ పెట్టెకీ మా ఊళ్లో కరువేమిటి? చేపలు నింపే పెట్టె ఒకటి కడిగి పట్టుకెళ్లాను. వచ్చేటప్పుడు ఆటోలో ఆ పెట్టె ఒళ్లో పెట్టుకుని, మందు ఐసుకి తగలకుండా గుడ్డ చుట్టి, గోతి వచ్చినప్పుడల్లా పెట్టెని పసిబిడ్డలా రెండు చేతుల మీదికి ఎత్తుతూ కూర్చున్నాను. ఎదురుగా కూర్చున్న ఇద్దరు ఆడవాళ్లు పెట్టెనీ నన్నూ మార్చి మార్చి చూశారు.

"ఏటి సేప బావూ?"

"చేప కాదమ్మా."

"వంజరమా?"

"ఇంజెక్షనమ్మా."

"కిలో ఎంతకి పడ్డాదేటి?"

కిలో లెక్కన కొనాలంటే మన మూలపేట పోర్టు అమ్మాలి అన్నాను. నవ్వలేదు. ఊరు చేరేలోగా వార్త చేరిపోయింది: భావనపాడు పోస్టుబావు టెక్కలి నుంచి చేప కొనుక్కొస్తున్నాడు, అదీ దాచుకుని. సముద్రం ఒడ్డున ఇంతకు మించిన అప్రతిష్ఠ లేదు. రక్తహీనత భరించాను గానీ ఈ నింద చాలా రోజులు భరించలేకపోయాను.

సూది వేయించుకున్న సాయంత్రమే డాబా మెట్లెక్కి చూసుకున్నాను. సగంలో కూర్చుండిపోయాను. మూలుగ కొత్త కణాలు తయారుచేసి, అంకె కదలడానికి వారాలు పడుతుందని తర్వాత తెలిసింది. బీపీ పెరుగుతుందేమో చూసుకోమన్నారు కాబట్టి ఇంట్లో బీపీ మిషన్ వెలిసింది. అది మా ఆవిడ కడితే ఒక అంకె చూపిస్తుంది, నేను కట్టుకుంటే ఇంకో అంకె చూపిస్తుంది. కారణం డాక్టరుకి చెప్పలేదు. సూదంటే భయం కాబట్టి బిళ్లలేమైనా ఉన్నాయా అని మాత్రం అడిగాను. ఉన్నాయట. ప్రాణవాయువు తగ్గిందని కణాలు ఎలా పసిగడతాయో కనిపెట్టినందుకు 2019లో ముగ్గురికి నోబెల్ బహుమతి వచ్చింది. అందులో పీటర్ రాట్‌క్లిఫ్ స్వయానా కిడ్నీ డాక్టరు. ఆ కిటుకు మీదే పనిచేసే డెసిడుస్టాట్ అనే బిళ్ల 2022లో మన దేశంలోనే అనుమతి పొందింది. "ఎవరికి ఏది సరిపోతుందో మేం చూసుకుంటాం, మీరు చెయ్యి చాపండి," అన్నాడు డాక్టరు. చాపాను, కళ్లు మూసుకుని.

మెల్లగా అంకె 10.6కి వచ్చింది. నాకు ఆశ పుట్టింది. 14 చెయ్యండి డాక్టరుగారూ అన్నాను. చెయ్యనన్నాడు. పదీ పదకొండున్నర మధ్య చాలట. పూర్వం వాళ్లూ నాలాగే ఆశపడి మామూలు మనిషి అంకె దాకా లాగి చూశారు. 2006లోనూ 2009లోనూ వచ్చిన పెద్ద పరిశోధనల్లో తేలిందేమంటే, 13 దాటించబోతే మేలు పెద్దగా లేకపోగా పక్షవాతం, గుండె ఇబ్బందుల ప్రమాదం పెరుగుతుందని. బేరం అక్కడితో ముగిసింది. అయినా ఇంటికొచ్చి గొప్పలు మానలేదు. టూర్ ద ఫ్రాన్స్‌లో సైకిలు తొక్కేవాళ్లు దొంగతనంగా పొడిపించుకునేది ఈ మందేనని, ఏడుసార్లు గెలిచిన లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ బిరుదులన్నీ 2012లో ఊడబెరికారని, మరుసటి సంవత్సరం టీవీలో ఒప్పుకున్నాడని చెప్పాను.

మా ఆవిడ శ్రద్ధగా విని, "అయితే సైకిలెక్కి నౌపడ ఎల్లి ఉప్పట్టుకొచ్చీండి," అంది. వెంటనే తనే సవరించుకుంది: "మీకెలాగా ఉప్పు ఒద్దు కదా. నాకు."

ఇక్కడే నా అసలు కష్టాలు మొదలయ్యాయి. 8.1 దగ్గర ఉన్నప్పుడు మెట్లెక్కితే గస వచ్చేది, ఎండాకాలంలో కూడా చలేసేది, పేపరు చదువుతూ నిద్రపోయేవాణ్ణి. ఇప్పుడు గస లేదు, చలి లేదు, మెట్లు ఒక్క ఊపులో ఎక్కుతున్నాను. పేపరు దగ్గర నిద్ర మాత్రం వస్తూనే ఉంది. బావి దగ్గర బిందె చూస్తే కాళ్లు వెనక్కే పోతున్నాయి. బజారు సంచీ కనబడితే కళ్లు మూతలు పడుతున్నాయి. రక్తహీనత వల్ల వచ్చిన నీరసమెంతో మందుతో తేలిపోయింది. మిగిలిన బద్ధకం నా సొంతం, దానికి ఏ లేబొరేటరీ వాళ్లూ కాగితం ఇవ్వరు.

కాగితం మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. మొన్న ఊళ్లోకి వైద్య శిబిరం వస్తే నాకు తోడొచ్చిన మా ఆవిడ వేలు కూడా గుచ్చారు. 9.2. బిందె మోసేది, కూర ఉడికించి నీళ్లు పారబోసేది, నా చీటీలు చదివేది, నన్ను బద్ధకస్తుడనేది, అన్నీ ఆ 9.2 తోనే. క్రియాటినిన్ బాగుంది, కిడ్నీలు భేషుగ్గా ఉన్నాయి. ఇనుము లోపమన్నారు. ఈ వయసులో ఇనుము ఎటు పోతోందని తరిచి అడిగితే, మోకాళ్ల కోసం దుకాణంలో అడిగి కొనుక్కునే నొప్పి బిళ్లలు బయటపడ్డాయి. అవి కడుపులో పుండు చేసి రక్తం కారుస్తాయి, ఎక్కువకాలం వాడితే కిడ్నీనీ కాటేస్తాయి. బిళ్లలు ఆపించి, కడుపు పరీక్షకి రాశారు. దానిమ్మ, ఖర్జూరం, మునగాకు ఆవిడ తినొచ్చట. ఆ మాట వినగానే ఇద్దరం ఒకేసారి బావమరిది వైపు చూశాం. ఆయన చొక్కా గుండీలు సర్దుకుంటూ బయటికెళ్లిపోయాడు.

కాబట్టి పాఠకులకి ఒక్క మనవి. మీ ఇంట్లో కిడ్నీ జబ్బున్న మనిషికి క్రియాటినిన్ రాయించినప్పుడల్లా పక్కనే హిమోగ్లోబిన్ కూడా రాయించండి. మగవాళ్లకి 13, ఆడవాళ్లకి 12 కంటే తగ్గితే ఫెరిటిన్, ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ చూడమని డాక్టరుని అడగండి. దానిమ్మలూ బొండాలూ పట్టుకెళ్లే ముందు ఆయన్నే ఒక మాట అడగండి. రోగిని తీసుకొచ్చిన మనిషి వేలు కూడా గుచ్చమనండి.